తవుడు బేరం

మా అమ్మాయిని గుప్పెడు తవుడిచ్చి కొనుక్కున్న పెద్దాయన కిందటి నెల కన్నుమూశారు.

ఈ మాటకు ఉలిక్కిపడ్డారంటే మీరు మా వైపు వాళ్ళు కాదన్నమాట. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో ఏ వీధిలో నిలబడి "తవిటమ్మా" అని పిలిచినా ఏదో ఒక గుమ్మంలోంచి "ఏటీ" అని జవాబొస్తుంది. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోయినా, పుట్టిన పిల్ల మరీ నలుసులా ఉన్నా, బిడ్డను బయటివాళ్ళకు తవుడికి అమ్మేస్తారు. ఉత్తుత్తి అమ్మకమే. పిల్ల తల్లి ఒళ్ళోనే ఉంటుంది, ఆ ఇంటి అన్నమే తింటుంది. మాటకు మాత్రం అది పరాయివాళ్ళ సొత్తు. ఆ ఇంటి పిల్ల కోసం వెతుక్కుంటూ వచ్చిన చావు, ఇది వీళ్ళది కాదు కాబోలని వెనక్కి పోతుందని నమ్మకం.

ఆయన పోయిన కబురు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులోనూ వచ్చింది. ఎప్పటిదో టై కట్టుకున్న ఫోటో, దానికి దండ, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. 'ఎన్నో పసిప్రాణాలు నిలబెట్టిన మహానుభావుడు' అని ఒకరు రాస్తే, తక్కినవాళ్ళంతా అదే మాట కాపీ కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. ప్రాణాలు నిలబెట్టడం ఆయన జీవితంలో మొదటి సగం. రెండో సగం గురించి ఒక్కరికీ పట్టలేదే! ఆ రెండో సగంలో అరకులో సగం మంది ఆయనకు మతి చలించిందని అనుకున్నారు. ఆ సగంలో నేనూ ఉన్నాను, అది వేరే సంగతి.

మా ఆయనది రైల్వేలో సిగ్నళ్ళ పని. నేను అరకు లోయలోనే ఒక బడిలో సైన్సు చెబుతాను. మాకు ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. మూడోది ఏడో నెలలోనే తొందరపడి వచ్చేసింది. కిలో కూడా లేదు. మా ఆయన వేలి ఉంగరం దాని చేతికి తొడిగితే మోచెయ్యి దాటి పైకి పోయేది. ఏజెన్సీ ఆసుపత్రిలో పిల్లల డాక్టరు ఆ పెద్దాయనే.

అప్పట్లో ఆయన్ని 'గ్రాముల డాక్టరు' అనేవారు. లోపల తూకం వెయ్యడం, వార్డు తలుపులోంచి తల బయట పెట్టి "ఇరవై పెరిగింది!" అని క్రికెట్ స్కోరులా అరవడం. వరండాలో కూర్చున్న తల్లులు, అమ్మమ్మలు, కొండల మీంచి దిగి వచ్చిన తండ్రులు అందరూ ఎవరి పిల్ల అని కూడా అడక్కుండా సంబరపడేవారు. తగ్గిన రోజున ఆయన బయటికే వచ్చేవారు కాదు. ఆయనకు గ్రాము తప్ప వేరే లోకం లేదని నర్సులు విసుక్కునేవారు.

ఒక పొద్దున్న మా అత్త వరండాలో ఆయనకు అడ్డంగా నిలబడింది. మా అత్త అడ్డం నిలబడితే రైలింజనైనా ఆగాల్సిందే.

"బాబూ, ఈ గుంటని నువ్వు కొనుక్కో."

"ఏటప్పా?" అన్నారాయన. ఆయనా శృంగవరపుకోట మనిషే. ఎంత చదివినా ఆ యాస వదల్లేదు, పెద్దావిడ కనిపిస్తే అక్క అన్నట్టుగా 'అప్పా' అనే పిలిచేవారు.

"మా ఇంట్లో పిల్లలు నిలబడ్డం నేదు. నీ సేతిలో ఇన్ని పేణాలు నిలబడతన్నాయి. నీ సొమ్మయితే దీన్నెవలూ ముట్టరు. గుప్పెడు తవుడియ్యి, సాలు."

లోపల మంచం మీద నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. సైన్సు టీచరు అత్తగారు పిల్లల డాక్టరుకు తవుడు బేరం పెట్టింది! చీవాట్లు పెడతారనుకున్నాను. ఆయన గడ్డం గోక్కుని అడిగిన మాట ఇదీ: "వరి తవుడేనా అప్పా, చోడి పొట్టు పనికొస్తాదా?"

"వరి తవుడే."

ఆసుపత్రికి పాలు పోసే ఆవిడ గేదెల పాక వెనకే ఉంది. ఆయన తెల్లకోటుతో అక్కడికి వెళ్ళి, ఇంజెక్షన్లు పెట్టే స్టీలు ట్రేలో తవుడు పోయించుకుని వచ్చారు. "ఇప్పుడు నానేటనాల?" అని అడిగితే మా అత్త నేర్పింది. ఆయన ముమ్మారు "కొన్నాను" అన్నారు. నవ్వలేదు. వరండాలో జనం కూడా నవ్వలేదు. ఆ తర్వాత చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి తూకం వేశారు.

పిల్ల బతికింది. తవుడు వల్లనా, పిల్లను వెచ్చగా ఉంచిన గాజు పెట్టె వల్లనా, నేను నెలల తరబడి గుండెల మీద కట్టుకుని మోసినందువల్లనా అని నన్ను అడక్కండి. మా అత్తకు జవాబు తెలుసు, ఆయనకూ తెలుసు, రెండు జవాబులూ వేరు. వాళ్ళిద్దరూ ఆ విషయంలో ఎన్నడూ తగువు పడలేదు. బడి రికార్డులో చక్కటి పేరే రాయించాను గానీ, ఇంట్లో మాత్రం అది తవిటి అయిపోయింది.

ఆయన రిటైరయ్యాక మొదలైంది అసలు కథ.

భార్య ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. శృంగవరపుకోటలో, మా మాటలో కోటలో, తమ్ముడి ఇంటి పక్క వాటాలో ఉండేవారు. అక్కడ పేపరు చదువుకుంటూ కూర్చోక, కిరండూలు పాసింజరెక్కి ఓ రోజు టైడాలో, ఓ రోజు బొర్రాలో, సంత రోజైతే అరకులో దిగేవారు. కొండ మనుషులు పెట్టుకునే ఈతాకు టోపీ ఒకటి నెత్తిన. దాని కింద ఒక కళ్ళజోడు నుదుటి మీద, ఇంకొకటి ముక్కు మీద. జేబులో వేపిన వేరుశనక్కాయలు. పాతికేళ్ళు తూకం వేసిన పిల్లలు ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారో, ఎలా ఉన్నారో చూడాలని తిరుగుతున్నారట. బాగానే ఉంది, అభిమానం అనుకున్నాం. తీరా ఆయన అడిగే ప్రశ్నలు వింటే మాకు మతి పోయేది.

ఒకసారి సంతలో నా కళ్ళారా చూశాను. అల్లం రాశి పోసుకుని కూర్చున్న ఒక కొండావిడ ముందు గొంతుక్కూర్చున్నారు. ఆవిడ కొడుకూ ఈయన చేతిలో గుప్పెడంత పుట్టినవాడే. దూరంగా నిలబడి మేకను చూస్తున్నాడు.

"మంచి అల్లం బాబూ, తీసుకో."

"అల్లం సరే. నీ గుంటడు నిద్దరోతాడా?"

"పోకేటి సేత్తాడు? సీకటి పడితే పోతాడు."

"మజ్జిలో లెగుస్తాడా?"

"లెగుస్తాడు. నానున్నానా నేదా అని ముట్టుకు సూసి మల్లీ తొంగుంటాడు."

"రోజూనా?"

"రోజూనే. అదేటి బాబూ, అందరు గుంటలూ సెయ్యరేటి?"

ఆయన చేతిలో అల్లం కొమ్ము అలాగే ఉండిపోయింది. "అదేటో సూడాల" అన్నారు తనలో తాను. అది ఆయన ఊతపదం. ఎవరేం చెప్పినా ఆశ్చర్యపడి, నోరు కాస్త తెరిచి, "అదేటో సూడాల" అంటారు. తర్వాత ఆ కుర్రాడి పక్కన చేరి, వాడి మొహం చూడకుండా, వాడు చూస్తున్న మేకనే తనూ చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. కాసేపటికి వాడే ఏదో చెప్పడం మొదలెట్టాడు. పిల్లల మొహంలోకి చూసి ప్రశ్న వెయ్యకూడదని ఆయన సిద్ధాంతం. ఇద్దరూ కలిసి మూడో వస్తువును చూడాలట. రాసుకోవడం కూడా ఉండేది కాదు. "కాయితం తీస్తే కేసనుకుంటారు, నోరు మూసేస్తారు" అనేవారు.

మా ఇంటికొచ్చినప్పుడూ అదే వరస. కుర్చీ వేస్తే కూర్చోరు, గడపలో కూలబడి వేరుశనక్కాయలు ఒలుస్తారు.

"టీచరమ్మా, గుంట ఎవలితో ఆడతాది?"

"చదువుకుంటుందండీ. క్లాసులో ఫస్టు."

"అది కాదు. ఎవలితో తగువాడతాది?"

"అయ్యో, ఎవరితోనూ పోట్లాడదండీ! నోట్లో వేలు పెట్టినా కొరకదు" అన్నాను గర్వంగా.

ఆయన మొహం వాడిపోయింది. "ఒక్కరితో కూడానా? అదేటి!"

నాకు చిర్రెత్తింది. పిల్ల పోట్లాడకపోతే ఈయనకేం నష్టం? నిజమే, కుక్కర్ విజిలేస్తే ఉలిక్కిపడుతుంది. రైలు సొరంగంలోకి వెళ్తే తక్కిన పిల్లలంతా ఓ అని కేకలు పెడుతుంటే ఇది చెవులు మూసుకుని నా కొంగులో దూరుతుంది. సైకిల్ నేర్పుతానంటే వాళ్ళ నాన్న చెయ్యి వదలదు. కొందరు పిల్లలు అంతే, సుకుమారం అనుకున్నాం. కిలో కూడా లేని పిల్ల ఫస్టు మార్కులు తెస్తుంటే ఇంకేం కావాలి? ఏ తల్లైనా దిష్టి తీస్తుంది గానీ, ఇలా కెలుకుతుందా?

ఆయనకు ఇంకో సంగతి అంతు చిక్కలేదు. ఆయన టోపీ సందు మొదట్లో కనిపించగానే మా పిల్ల స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకునేది. ఇంజెక్షన్ల భయం అన్నాం మేము. "నాను దానికి సూది ఎయ్యక ఎన్నేల్లయిందమ్మా? అప్పుడు దానికి కల్లే సరిగ్గా తెరుసుకోలేదు" అనేవారు. పిలిచేవారు కాదు, తలుపు కొట్టేవారు కాదు. బయట పీట మీద కూర్చుని, ఆ రోజు రైల్లో తాను చూసిన వింతలన్నీ తలుపుతో చెప్పేవారు. లోపల్నించి నీళ్ళ చప్పుడు కూడా వచ్చేది కాదు.

ఈలోగా మా అత్త తన డ్యూటీ తాను చేసేది. ఆయన వచ్చిన ప్రతిసారీ వీధి వైపు తిరిగి, దారినపోయే చావుకు కూడా వినపడేంత గట్టిగా, "నీ సొమ్ము నీకే దాసినాం బాబూ! ఎప్పుడు పట్టుకుపోతావో పట్టుకుపో!" అనేది. ఇరుగమ్మ పొరుగమ్మ మీ గుంట ముద్దుగా ఉందంటే, "మాదేటి? డాట్రుబాబుది" అని కొట్టి పారేసేది. పిల్లను మా పిల్ల అని ఒక్కనాడూ అనలేదు. రాత్రి దాన్ని పక్కలో వేసుకుని పడుకునేదీ, దానికి జ్వరమొస్తే అన్నం మానేసేదీ ఆవిడే. ఇదంతా తవుడు ఆచారంలో భాగమే, మాకెవరికీ వింతగా తోచలేదు.

ఇంకొకటుంది. మంచం కింద మా పిల్లది ఒక గుడ్డ సంచి ఉండేది. అందులో బట్టలు సర్దుకుని పెట్టుకునేది. ఊరెళ్ళే ఆట ఆడుకుంటోందని మురిసిపోయి, ఒకనాడు ఆయనకూ చూపించాను.

ఆయన చాలాసేపు ఆ సంచిని చూశారు. "ఆటయితే ఒకరోజైనా ఇప్పాల కదమ్మా. ఎప్పుడైనా ఇప్పుతాదా?"

నేను ఆలోచించాను. లేదు. విప్పగా నేనెప్పుడూ చూడలేదు.

"అదేటో సూడాల" అన్నారు.

దానికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా, కళ్ళ పరీక్షకు విశాఖ తీసుకెళ్తున్నాను. ఒక్క పూట ప్రయాణానికి కూడా సంచి తెస్తానని మొండికేసింది. సరే తగలెయ్యి అన్నాను. బొర్రాలో రైలాగింది. ఎదురుగా ఎక్కుతున్నదెవరు? ఈతాకు టోపీ. చేతిలో అడ్డాకు దొన్నెలో పనసతొనలు.

పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. రైల్లో స్నానాలగది లేదు కదా. సంచిని రెండు చేతులా పట్టుకుని బిగుసుకుపోయింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చుని తొనలు ఒలుచుకుంటున్నారు. బొర్రా దిగువన సొరంగాల వరస మీకు తెలుసు కదా, ఒకటి పోతే ఒకటి. సొరంగం వచ్చింది. రైలుపెట్టెలో పిల్లలంతా ఓ అని అరిచారు. మా పిల్ల మాత్రం చెవులు మూసుకోలేదు, నా కొంగూ లాగలేదు. వెలుతురు రాగానే ఆయన అదే గమనించినట్టున్నారు, తొన నోటిదాకా వెళ్ళి ఆగింది.

పిల్ల నా పక్కనుంచి లేచింది. వెళ్ళి ఆయన పక్కన కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో మాట్లాడ్డం అదే మొదలు.

"తాతా, మీ ఇంట్లో కుక్కుందా?"

"నేదు. పిల్లుంది. గోడ మీదే ఉంటాది, లోపలికి రాదు."

"కుక్కర్?"

"ఉంది. దాని విజిలు పాడైపోయింది. బుస్సుమంటాది గానీ కుయ్యదు."

పిల్ల తలాడించింది. ఆ జవాబు నచ్చినట్టే ఉంది.

"నాకు పక్క ఎక్కడేస్తావు?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నా వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి నన్నాపారు.

"ఎక్కడేస్తే బాగుంటాది?"

"తలుపు కనపడే చోట. అమ్మ వస్తే తెలియాలి కదా."

ఇంకో సొరంగం. ఆ చీకట్లో, ఆ కేకల మధ్య నా నవ్వు ఆగిపోయింది. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఆయన రెండు కళ్ళజోళ్ళూ తీసి చేత్తో పట్టుకున్నారు.

"సంచిలో ఏటున్నాయి?"

పిల్ల ఒక్కొక్కటే చూపించింది. గౌన్లు, పళ్ళు తోముకునే బ్రష్, రంగు పెన్సిళ్ళు, మా అత్త పాతచీర ముక్క. "నువ్వు బేగి బయల్దేరమంటే అమ్మ కంగారు పడుతుంది. అందుకని ముందే సర్దుకున్నా" అంది.

"నాను పట్టుకెల్తానని ఎవరు సెప్పారు?"

"నానమ్మ రోజూ చెబుతుంది. నువ్వు కొన్నావు కదా."

నేను ఒక్క ఉదుటున లేచి, "పిచ్చిదానా, అవన్నీ ఉత్తుత్తి మాటలే!" అన్నాను. దాన్ని ఎత్తుకుని నలిపేయాలనిపించింది. ఇన్నేళ్ళూ ఈ పిల్ల ప్రతి పూటా ఈ పూటేనేమోనని కూర్చుందా! మా ఇంట్లో, మా మధ్యన, మా అన్నం తింటూ!

"ఉండండి టీచరమ్మా" అన్నారాయన. "ఉత్తుత్తి కాదు. ముమ్మారు కొన్నానన్నాను. అబద్దమని ఇప్పుడంటే, రేపు దేన్ని నమ్మాల ఇది?" తర్వాత పిల్లతో, కిటికీలోంచి ఇద్దరూ ఒకే కొండను చూస్తూ, "నాను కొన్న మాట నిజమే గుంటా. కానీ కొన్నోడు మల్లీ అమ్మొచ్చు. కొనేవోల్లెవరో నువ్వే సూడు. నచ్చిన బేరం వస్తే ఇచ్చేస్తాను" అన్నారు.

పిల్ల ఆలోచనలో పడింది. కోటలో ఆయన దిగిపోతుంటే పనసతొన ఒకటి అడిగి తీసుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ఆయన మా గడపలో కూర్చున్నారు. నేను ఎగిరి గంతేసి కొనేద్దామన్నాను. మా అత్త గుమ్మానికి అడ్డం పడింది.

"ఒద్దు బాబూ, నీ కాల్లట్టుకుంటాను. ఇన్నాల్లు నీ పేరు మీదే బతికింది. ఇప్పుడు మాదంటే ఆ యముడు సచ్చినోడికి తెలిసిపోద్ది. ముందు ఇద్దర్ని నా సేతుల్తో సాగనంపినాను. ఇంక నావల్ల కాదు."

సైన్సు టీచర్ని, అయినా ఆవిడ చేతులే పట్టుకున్నాను. మూఢనమ్మకం అన్న మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. మా అత్త భయాన్ని కూడా ఆనాడు సంతలో మేకను చూసినట్టే చూస్తూ కూర్చున్నారు. ఆ భయానికీ ఒక రూపం ఉంది, దాన్నీ అటూ ఇటూ తిప్పి చూడాలి కదా!

అప్పుడు స్నానాలగది గడియ చప్పుడైంది. పిల్ల బయటికొచ్చింది.

"తాతా, నన్ను నేను కొనుక్కోవచ్చా?"

ఆయన నోరు తెరుచుకుంది. "అదేటో..." అని ఆగి, మా అత్త వైపు తిరిగారు. "అప్పా, అలా కుదురుతాదా? ఆచారం నీకు తెలుసు, నాకు తెలీదు."

మా అత్త నేల మీద కూలబడి, వేళ్ళు ముడిచి తెరిచి, జడ్జీలా ఆలోచించింది. "అంటే ఈల్లదీ కాదు. నీదీ కాదు. ఎవల్దంటే దానిదే."

"అప్పుడు ఆ సచ్చినోడు ఎవలింటికి పోయి అడుగుతాడు?" అన్నారాయన, నిజంగా తెలుసుకోవాలనే.

"అడగడానికి ఇల్లు దొరకదు" అంది మా అత్త నెమ్మదిగా. ఆవిడ మొహం విచ్చుకుంది. "అలాగైతే పరవాలేదు."

చేట తెచ్చాం. మా వీధి చివర ఆవులున్నవాళ్ళింటికి పిల్ల తానే వెళ్ళి తవుడు అడిగి తెచ్చింది. అది ఒక పరాయి గుమ్మంలో నిలబడి నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆయన తవుడు వేళ్ళతో నలిపి, వాసన చూసి, పెదవి విరిచారు.

"ఇదేటి, నూక ఎక్కువ. నానిచ్చింది మేలు రకం."

"మంచిదే తాతా!"

"అయినా అప్పుడు గుప్పెడంత ఉన్నావని గుప్పెడిచ్చాను. ఇప్పుడింత ఎదిగావు. ఈ మాత్రానికి ఎలా ఇస్తాను?"

పిల్ల మళ్ళీ వెళ్ళి ఇంకాస్త తెచ్చింది. ఆయన మళ్ళీ పెదవి విరిచారు. దాని మొహం ఎర్రబడింది. కాలు నేలకేసి కొట్టి, "చాలు! ఇంక ఇవ్వను! ఇస్తే ఇయ్యి, లేకపోతే పో!" అని వీధి వీధంతా వినపడేలా అరిచింది. నేను నివ్వెరపోయాను. ఆ గొంతు దానికి ఉందని నాకు తెలియదు.

ఆయన మొహం వెలిగిపోయింది. "తగువాడింది టీచరమ్మా! సూశారా?" అని నాతో, "అమ్మాను, అమ్మాను, అమ్మాను" అని దానితో. తవుడు టోపీలో పోసుకుని, రైలు తప్పిపోతుందని బట్టతలతో పరుగెత్తారు. ఆ సాయంత్రం పిల్ల సంచి విప్పి బట్టలు అలమరలో పెట్టుకుంది. ఖాళీ సంచిని మా అత్త ఉతికి ఆరేసింది. కళ్ళు తుడుచుకుంటూ, వీధి వైపు తిరిగి, "ఇది ఎవల్దీ కాదురోయ్! దానిదే!" అని ఒక కేక కూడా వేసింది.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని రాస్తే మీకు బాగుంటుంది, నాకూ బాగుంటుంది. సర్దుకోలేదు. సొరంగాల్లో చెవులు మూసుకోవడం మానలేదు. ఇంటర్ పరీక్షల ముందు ఊపిరాడక, గుండె పట్టుకుని నేల మీద పడిపోయింది. గుండె జబ్బని పరీక్షలన్నీ చేయించాం, గుండె భేషుగ్గా ఉంది. విశాఖలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళమన్నారాయన. నేను గయ్యిమన్నాను. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు?

"తూకం ఏసినప్పుడు సిగ్గుపడ్డారా?" అని అడిగారు. "ఇదీ అంతేనమ్మా. గ్రాములు పెరగడం కంటికి కనపడింది. ఇది కనపడదు, అడిగితేనే తెలుస్తాది."

"ఇదంతా చిన్నగా పుట్టినందుకా? ఆ పెట్టెలో ఉన్నందుకా? మా అత్త మాటలకా?" అని నిలదీశాను. ఎవరో ఒకరి మీద తోసేస్తే నాకు మనశ్శాంతిగా ఉంటుంది కదా.

"తెలీదమ్మా" అన్నారు. ఆయన ఆ మాట అన్నంత హాయిగా ఇంకే డాక్టరూ అనగా నేను వినలేదు. "అలా పుట్టినోల్లలో కొందరికి భయాలెక్కువ, కొందరికి మనుషుల్లో కలవడం కష్టం. సానామందికి ఏటీ ఉండదు, రాయిలా ఉంటారు. సంతలో అల్లం ఆవిడ కొడుకిప్పుడు జీపు తోలతన్నాడు, పడుకుంటే కుంభకర్ణుడే. ఎవలికి ఏటుంటాదో ముందే సెప్పలేం. అందుకే అడుగుతన్నాను. అప్పుడు అడగాలని నాకూ తోచలేదు, బతికితే సాలనుకున్నాను."

తీసుకెళ్ళాను. ఆ వైద్యురాలు నెమ్మది మనిషి. మాత్రలు కొన్నాళ్ళు, మాటలు చాలాకాలం. ఇప్పుడు మా అమ్మాయి విశాఖలోనే డిగ్రీ చదువుతోంది. హాస్టల్లో తలుపు కనపడే మంచమే అడిగి తీసుకుంది. రూంమేటుతో వారానికోసారి తగువాడుతుంది. ఆ సంగతి ఫోన్లో చెబితే ఆయన చంటిపిల్లాడిలా నవ్వేవారు.

ఆయన్ని విశాఖ ఆసుపత్రిలో చేర్చారని వాళ్ళ తమ్ముడు ఫోన్ చేశారు. ఊపిరితిత్తులు. పిల్లకు చెప్పాలా వద్దా అని నేను మథనపడ్డాను. ఆ మిషన్ల చప్పుడు, ఆ గొట్టాలు అది భరించగలదా? చెప్పాను. నేను కొండ దిగి వెళ్ళేసరికే అది ఐసీయూ బయట నిలబడి ఉంది. అరచేతులు చెమటతో తడిసిపోయాయి. "లోపలికి వస్తావా?" అన్నాను. "భయమేస్తోంది. వస్తాను" అంది.

ఆయన మంచం మీద సగమైపోయి ఉన్నారు. చుట్టూ పెట్టెలు కూతలు పెడుతున్నాయి. మా అమ్మాయి స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన మొహంలోకి చూడలేదు. ఆయన చూస్తున్న ఆ పచ్చగీతల మిషన్‌నే తనూ చూసింది.

"తాతా, నిద్ర పడుతోందా?"

ఆయన కళ్ళు దాని వైపు తిరిగాయి. అంతమందిని అడిగిన ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు.

"నేదు."

"దేనికి భయం?"

"ఈ కూతలకే. ఎప్పుడు కూస్తాదో తెలీదు. ఎవరో వస్తారు, పొడుస్తారు, పోతారు. ఎవరిదో మొహం తెలీదు." ఆయాసపడి, మళ్ళీ కూడదీసుకుని అన్నారు. "నీకప్పుడు గాజు పెట్టెలో ఇలాగే ఉండేదా గుంటా? ఇన్నేల్లూ తిరిగాను తెలుసుకుందామని. ఇప్పుడు తెలిసింది. సిత్రంగా ఉంది."

ఆ మొహంలో దిగులు లేదు. అల్లం కొమ్ము పట్టుకుని నిలిచిపోయిన మొహమే అది.

మా అమ్మాయి బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది. ఎక్కడ సంపాదించిందో, వరి తవుడు. ఆయన అరచేతిలో పోసి, వేళ్ళు మూసింది.

"నిన్ను నేను కొనుక్కుంటున్నాను."

ఆయన వేళ్ళతో నలిపి చూశారు. "ముసలి సరుకు. ఎక్కువిస్తన్నావు."

"నా ఇష్టం. కొన్నాను, కొన్నాను, కొన్నాను."

తవుడికి అన్నిసార్లూ చావు మోసపోదు. నాలుగు రోజులకే పోయారు. ఆ నాలుగు రోజులూ ఆయన పక్కనే ఉండి రాత్రి నిద్రపట్టిందీ లేనిదీ అడిగింది మా అమ్మాయి.

కోటలో ఇంటి ముందు షామియానా, జనం. గుంపంటే పడని పిల్ల గుంపు మధ్య నిలబడింది. ఆయన తమ్ముడి కోడలు కుర్చీ చూపిస్తూ, "మీరు ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ళా అమ్మా?" అని అడిగింది.

"కాదండీ" అంది మా తవిటి. "ఆయన మావాడే. నేను కొనుక్కున్నాను."